బండి మిజాజ్: ఇంజిన్ ముందా, మధ్యనా, వెనకా?

జట్కా ఎక్కిన పెద్దవాళ్ళు ఇంకా మన ఇళ్ళల్లో ఉన్నారు. దాదీనో నానానో అడిగి చూడండి. నలుగురు ఎక్కి కూర్చోగానే జట్కావాలా వెనక్కి తిరిగి "జర ఆగే సరకో, ముందుకు జరగండి" అనేవాడు. వెనకాల బరువు ఎక్కువైతే గుర్రానికి రెండు పక్కలా ఉన్న కర్రలు పైకి లేస్తాయి, లాగడానికి పట్టు దొరకదు. ముందు ఎక్కువైతే ఆ భారమంతా గుర్రం వీపు మీద పడుతుంది. బరువు ఎక్కడుంటే బండి మిజాజ్ అక్కడుంటుందని ఆయనకు ఏ కాలేజీ చెప్పలేదు, చేతిలోని లగాం చెప్పింది.

స్పోర్ట్స్ కార్ల తారీఖ్‌లో తొంభై ఏళ్ళుగా నడుస్తున్న తకరార్ కూడా ఇదే. కారులో అన్నిటికంటే బరువైన వస్తువుల్లో ఇంజిన్ ఒకటి. దాన్ని డ్రైవరు ముందు పెట్టాలా, వీపు వెనకాల పెట్టాలా, ఇంకా వెనక్కి తీసుకెళ్ళి వెనక చక్రాల అవతల వేలాడదీయాలా? షోరూంలో నిలబెట్టిన కారుకు ఈ సవాల్‌తో పని లేదు. మామూలు రోడ్డు మీద కూడా తేడా పెద్దగా తెలియదు. రేస్ ట్రాక్ మీద, మలుపు దగ్గర బ్రేకు నొక్కి స్టీరింగ్ తిప్పిన క్షణాన ఒక్కొక్క బండి తన అస్లీ రంగు చూపిస్తుంది.

బ్రేకు నొక్కితే బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, వెనక భాగం తేలికవుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే దీనికి ఉల్టా. ఇంజిన్ ముందున్న బండి సాధారణంగా మలుపులో ముక్కును బయటివైపు తోసుకుపోతుంది. డ్రైవరు భయపడి కాలు తీస్తే మళ్ళీ దారిలోకి వస్తుంది, మాఫ్ చేసే గుణం దానిది. ఇంజిన్ మధ్యలో, అంటే సీటుకు వెనకా వెనక చక్రాలకు ముందూ ఉన్న బండి చెప్పిందే తడవుగా తిరుగుతుంది. పట్టు తప్పిందంటే మాత్రం బొంగరమే, ముందస్తు ఖబర్ ఇవ్వదు. ఇంజిన్ పూర్తిగా వెనకాల ఉన్న బండి, మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు ఆ బరువుతోనే నేలను పట్టుకుని దూకుతుంది. కానీ మలుపు మధ్యలో డ్రైవరు భయపడి కాలు తీశాడా, తోక తిరిగి ముందుకు వచ్చేస్తుంది. ఒకే భయం, ఒకే పని. ఒక బండిలో అది కాపాడుతుంది, ఇంకో బండిలో గోడకు కొడుతుంది.

ఈ సబక్ మొదట ప్రాణాల మీదికి తెచ్చుకుని నేర్చుకున్నది 1930ల జర్మనీ. ఫెర్డినాండ్ పోర్షే డిజైన్ చేసిన ఆటో యూనియన్ రేసు కారు 1934లో బరిలోకి దిగింది. 16 సిలిండర్ల ఇంజిన్ డ్రైవరు వెనకాల ఉండేది. డ్రైవరు బాగా ముందుకు కూర్చునేవాడు. అందువల్ల వెనక చక్రాలు జారడం మొదలైన సంగతి అతని నడుముకు ఆలస్యంగా అందేది. పాత ఉస్తాదులకు కొరుకుడుపడని ఈ బండి బెర్న్డ్ రోజ్‌మేయర్ అనే నౌజవాన్‌కు లొంగింది. ఆయన మోటార్‌సైకిల్ రేసుల నుంచి నేరుగా వచ్చాడు, మర్చిపోవాల్సిన పాత అలవాట్లు ఏవీ లేవు. 1936లో ఐరోపా చాంపియన్ అయ్యాడు. 1938 జనవరి 28న ఫ్రాంక్‌ఫర్ట్, డార్మ్‌స్టాట్ మధ్య రోడ్డు మీద స్పీడు రికార్డు కోసం నడుపుతూ చనిపోయాడు. వయసు 28.

యుద్ధం తర్వాత ఇదే ఖయాల్ ఇంగ్లండ్‌లో ఒక మామూలు గ్యారేజీలోంచి మళ్ళీ వచ్చింది. చార్లెస్ కూపర్, ఆయన కొడుకు జాన్ 500 సీసీ చిన్న రేసు కార్లు తయారుచేశారు. వాటికి పెట్టింది మోటార్‌సైకిల్ ఇంజిన్, దాని చైను వెనక చక్రాలకు దగ్గరగా ఉండాలి, కాబట్టి ఇంజిన్ వెనక్కి పోయింది. ఇందులో ఫల్సఫా ఏమీ లేదు, వీలు చూసుకున్నారంతే. ఆ వీలే పెరిగి పెద్దదై 1959లో, 1960లో జాక్ బ్రాభమ్‌ను ప్రపంచ చాంపియన్ చేసింది.

ఇటలీలో ఎంజో ఫెరారీ మాత్రం జిద్దు మీదున్నాడు. పశువు బండిని లాగాలి గానీ వెనక నుంచి తోయకూడదన్నది ఆయన వాదన అని చెప్పుకుంటారు. 1961 కల్లా ఆయనా లొంగాడు. ఆ ఏడాది మధ్య ఇంజిన్ ఫెరారీతో ఫిల్ హిల్ చాంపియన్ అయ్యాడు. రేసుల్లో ఒప్పుకున్నా, అమ్మే కార్ల దగ్గర ఆయన ఇంకా వెనకాడాడు. డబ్బున్న గిరాకీల చేతుల్లో ఆ మిజాజ్ అదుపులో ఉండదేమోనని ఫికర్. వ్యాపారి నోటి నుంచి ఇలాంటి ఫికర్ అరుదుగా వినిపిస్తుంది, నాకైతే అందులో ఇన్సాఫ్ ఉందనిపిస్తుంది. ఈలోగా 1966లో లంబోర్గిని మియురా వచ్చింది. 12 సిలిండర్ల ఇంజిన్‌ను సీట్ల వెనకాల అడ్డంగా పెట్టారు. హుస్న్‌లో దానికి సాటి లేదు. కానీ వేగం పెరిగేకొద్దీ ముక్కు తేలికయ్యేది. పెట్రోలు ట్యాంకు ముందు భాగంలో ఉండడంతో, అది ఖాళీ అయ్యేకొద్దీ ఇంకా తేలికయ్యేది. ఫెరారీ పేరుతో 12 సిలిండర్ల మధ్య ఇంజిన్ రోడ్డు కారు అమ్మకానికి రావడానికి 1973 దాకా పట్టింది.

ఇక పోర్షే 911. అసలు దాస్తాన్ ఇక్కడుంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఇది 901 పేరుతో కనిపించింది. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్స్ పెజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 911 అయింది. ఆరు సిలిండర్ల ఇంజిన్ వెనక చక్రాల అవతల వేలాడుతుంది. తోక తిరిగే జబ్బు మొదటి నుంచీ తెలుసు. తొలి కార్లలో ముందు బంపర్ మూలల్లో ఇనప దిమ్మలు పెట్టి బరువు సరిచేశారు. జట్కావాలా చేసిన పనే ఇది, మనుషులకు బదులు ఇనుము! 1969 మోడల్‌కు వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. రెండు అంగుళాల కంటే కాస్త ఎక్కువ దూరం, అయినా మిజాజ్‌లో తేడా వచ్చింది.

1975లో టర్బో వచ్చింది, 260 హార్స్‌పవర్. ఆ రోజుల టర్బోకు ఒక ఐబ్ ఉంది. కాలు నొక్కగానే ఏమీ జరగదు. పొగ వెళ్ళి చక్రాన్ని తిప్పి, ఆ చక్రం గాలిని ఇంజిన్‌లోకి తోసేదాకా ఆగాలి. సబర్ లేని డ్రైవరు మలుపు మధ్యలో ఇంకాస్త నొక్కుతాడు. అప్పుడు తాకత్ అంతా ఒక్కసారిగా దిగుతుంది. హడలిపోయి కాలు తీస్తాడు, తోక వచ్చేస్తుంది. భార్యలను బేవాలు చేసే బండి అని ఇంగ్లీషువాళ్ళు పేరు పెట్టారు.

కంపెనీ సొంత పెద్దలు కూడా దీని మీద ఆశ వదులుకున్నారు. ముందు ఇంజిన్‌తో 928 తెచ్చి, 911ను రుఖ్సత్ చేద్దామనుకున్నారు. 1981లో కొత్తగా వచ్చిన అధిపతి పీటర్ షుట్జ్, ఇంజినీరు హెల్ముట్ బాట్ గదిలో గోడ మీది చార్టు చూశాడు. మిగతా మోడళ్ళ గీతలు ముందుకు సాగుతుంటే 911 గీత ఆ ఏడాదితో ఆగిపోయి ఉంది. మార్కర్ తీసుకుని ఆ గీతను కాగితం దాటించి గోడ మీదికి లాగేశాడు. ఆ ఫైసలా వల్లే ఈ బండి బతికింది.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. ఇప్పటి కార్లలో కంప్యూటరు ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసి తోక తిరగకుండా పట్టుకుంటుంది. జారుతున్న సంగతి డ్రైవరుకు తెలిసేలోపే సరిచేసేస్తుంది. ఇది నేమత్, బేషక్. కానీ రీల్స్ చూసి ఔటర్ రింగ్ రోడ్డు మీద అద్దె స్పోర్ట్స్ కారు నడిపే మన పిల్లవాడికి ఆ బండి మిజాజ్ ఒక్కసారి కూడా తెలిసి ఉండదు. కంప్యూటరు చేతులెత్తేసే హద్దు దగ్గర మొదటిసారి తెలుస్తుంది. ట్రాక్ మీదైతే పక్కన ఖాళీ నేల, టైర్ల గోడ ఉంటాయి. రోడ్డు మీద అక్కడ ఇంకొకరి కుటుంబం ఉంటుంది.

1989లో షికాగో ప్రదర్శనలో ఒకేసారి రెండు జపాన్ కార్లు వచ్చి ఐరోపావాళ్ళ గురూర్ దించాయి. మొదటిది హోండా ఎన్‌ఎస్ఎక్స్. ఇంజిన్ మధ్యలో, బాడీ అంతా అల్యూమినియం. సుజుకా ట్రాక్ మీద ఎయిర్టన్ సెనా దాన్ని నడిపి, బాడీ నాజూగ్గా ఉన్నట్టుందని చెప్పాడు. ఆయన కొలిచి చెప్పలేదు, సీటులో కూర్చుని చెప్పాడు. హోండా ఇంజినీర్లు బండిని జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్‌కు తీసుకెళ్ళి, నెలల తరబడి తిప్పి, బాడీ గట్టిదనాన్ని 50 శాతం పెంచారు. మెక్‌లారెన్ ఎఫ్1 డిజైన్ చేసిన గోర్డన్ మర్రే తన కారు సవారీకి నమూనాగా పెట్టుకున్నది ఈ ఎన్‌ఎస్ఎక్స్‌నే.

రెండోది మాజ్దా ఎంఎక్స్-5. ఇంజిన్ ముందే, కాకపోతే ముందు చక్రాల ఇరుసుకు వెనక్కి జరిపి పెట్టారు. 1.6 లీటర్లు, తాకత్ తక్కువ, బరువు ఇంకా తక్కువ. దాన్ని చేసినవాళ్ళు ముందు పెట్టుకున్న మాట 'జింబా ఇత్తాయ్'. గుర్రమూ సవారూ ఒకే జాన్ అని అర్థం. ఇది వాళ్ళ గుర్రపు విలుకాళ్ళ హునర్ నుంచి వచ్చింది. రెండు చేతులూ విల్లు మీదుంటాయి, లగాం వదిలేయాలి, గుర్రంతో మాట్లాడాల్సింది తొడలూ నడుమే. నన్నడిగితే ట్రాక్ మీద కారు సవారీ గురించి ఇంతకంటే సరైన మాట ఏ ఇంజినీరూ చెప్పలేదు.

అంకెల పిచ్చి తర్వాత ముదిరింది. నూర్బుర్గ్‌రింగ్ పాత ట్రాక్ ఒక చుట్టు 20 కిలోమీటర్లకు పైనే. 2008లో నిస్సాన్ తన జీటీ-ఆర్ ఆ చుట్టును 7 నిమిషాల 29 సెకన్లలో పూర్తి చేసిందని ప్రకటించింది. పోర్షే ఒక జీటీ-ఆర్ కొని తనే నడిపించుకుని, తమకు 7 నిమిషాల 54 సెకన్లు పట్టిందని ఇల్జాం వేసింది. బండి అదే, ట్రాక్ అదే. మధ్యలో 25 సెకన్లు. డ్రైవర్ల తేడా అని ఒకరు, టైర్ల తేడా అని ఒకరు. ముకాబలా చూసే అవామ్‌కు మజా వచ్చింది గానీ, ఏ బండి చేతికి ఎలా తగులుతుందో ఆ అంకెల్లో ఎవరికీ దొరకలేదు.

911 జిద్దు కూడా ఒకచోట సడలింది. 2017లో లె మాన్స్ వంటి రేసుల కోసం చేసిన 911 ఆర్‌ఎస్ఆర్‌లో పోర్షే ఇంజినీర్లు ఇంజిన్‌ను వెనక చక్రాలకు ముందుకు తెచ్చేశారు. పేరు 911, లోపల మధ్య ఇంజిన్ బండి. అమ్మే 911లో మాత్రం, 2024లో హైబ్రిడ్ వచ్చాక కూడా, ఇంజిన్ వెనక చక్రాల అవతలే వేలాడుతోంది.