కూతకెళ్లిన రోజు కూలి

కనుమ నాడు మా రొంపిచెర్లలో చెడుగుడు పందేలు జరిగేవి. పత్తికట్టె పీకేసిన చేను చూసుకుని, గడ్డలు చితక్కొట్టి, ముగ్గుపిండితో గీతలు పోసేవాళ్లు. నాకు పదేళ్లప్పుడనుకుంటా, మా వీధి తరఫున కూతకెళ్లిన కుర్రాడి మీద నలుగురు ఒక్కసారిగా పడ్డారు. ఎడమ భుజం దగ్గర ఎముక పుటుక్కుమన్న చప్పుడు గట్టు మీద కూర్చున్న మాకు కూడా వినపడింది. మిరపకోతలు మొదలయ్యే రోజులవి. ఆ ఇంట్లో పొయ్యి అతని కూలి మీదే వెలగాలి.

అప్పటిదాకా ఈలలేసిన జనం చూస్తుండగానే పలచబడ్డారు. మా జట్టు పెద్ద మాత్రం భుజం మీది తువ్వాల తీసి నాలుగు కొసలూ పట్టుకున్నాడు. ముందు గెలిచినవాళ్ల దగ్గరికి, తర్వాత మావాళ్ల దగ్గరికి, ఆ తర్వాత గట్టు మీది రైతుల దగ్గరికి వెళ్లాడు. "ఆట చూసింది మీరు, కూలి పోయింది వాడికి" అన్నాడు. ఒకాయన, "ఆడమని మేమేమన్నా పిలిచామా?" అని గొణిగాడు గానీ, తువ్వాల కదలకుండా ముందే నిలబడేసరికి జేబులో చెయ్యి పెట్టక తప్పలేదు.

సరిగ్గా ఈ తగువు మీదే ఇంగ్లండులో ఒక ఆట ఆటంతా పుట్టిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. దాని పేరు రగ్బీ లీగ్.

కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆటను మనవాళ్లు కొందరు టీవీలో చూసే ఉంటారు. అందులో రెండు తెగలున్నాయి. జట్టుకు పదిహేను మంది ఆడేది రగ్బీ యూనియన్, పదమూడు మంది ఆడేది రగ్బీ లీగ్. మొదట్లో ఉన్నది ఒక్కటే ఆట. 1871లో లండన్‌లో రగ్బీ సంఘం పెట్టినవాళ్లు పెద్ద బళ్లలో చదువుకున్న దొరబిడ్డలు. ఆట మెల్లగా ఉత్తరాదికి, యార్క్‌షైర్ ఉన్ని మిల్లులకి, లాంకషైర్ నూలు మిల్లులకి, బొగ్గు గనులకి పాకింది. అక్కడ ఆడేవాళ్లు వారానికింత అని కూలి తెచ్చుకునేవాళ్లు. మిల్లులకు శనివారం సగం పూట సెలవు. పొరుగూరికి ఆటకెళ్లాలంటే ఉన్న సగం పూట పని కూడా వదులుకోవాలి. ఆ పూట కూలి తెగేది. ఇంగ్లీషులో ఆ తెగిన పూటకు ఒక పేరే ఉంది, "బ్రోకెన్ టైమ్" అని.

పెద్ద మ్యాచులకు జనం వేలల్లో వచ్చేవాళ్లు. గేటు దగ్గర టికెట్టు డబ్బులు కుప్పపడేవి. ఆడినవాడు మాత్రం సోమవారం మిల్లుకెళ్లి తగ్గిన కూలి తీసుకునేవాడు. దొరల సంఘం మాటేమంటే, ఆట ఆట కోసమే ఆడాలి, పైసా పుచ్చుకున్నా అది వృత్తి అవుతుంది, వృత్తి అయితే ఆట చెడుతుంది. కడుపు నిండినవాడికి ఈ నీతి సులువు. దాన్ని పాటించడం గని కార్మికుడికి ఎంత ఖరీదో ఆ నీతి చెప్పినవాళ్లు లెక్క వేసుకున్నట్టు లేదు. హడర్స్‌ఫీల్డ్ పక్కనే బడి నడిపే ఫ్రాంక్ మార్షల్ అనే మతాచార్యుడు, ఎవరు ఎక్కడ డబ్బు పుచ్చుకున్నారో కూపీ లాగి క్లబ్బుల మీద ఫిర్యాదులు చెయ్యడమే పనిగా పెట్టుకున్నాడు. ప్రతి ఊళ్లోనూ ఇలాంటి మాస్టారు ఒకరుంటారు.

కార్మికుల తరఫున గొంతెత్తింది యార్క్‌షైర్ సంఘానికి చెందిన జేమ్స్ మిల్లర్. 1893 సెప్టెంబరులో లండన్‌లో జరిగిన సర్వసభ్య సమావేశంలో ఆటగాడికి పోయిన కూలి చెల్లించడానికి అనుమతించండి అని తీర్మానం పెట్టాడు. జీతం అడగలేదు, బహుమానం అడగలేదు, పోయింది ఇప్పించమన్నాడు. ఆట దొరల చేతుల్లోంచి జనం చేతుల్లోకి వచ్చిందని, జనం ఆడుతున్నప్పుడు జనం బతుకు కూడా చూడాలని అతని వాదన. ఓట్లు లెక్కపెడితే అనుకూలంగా 136, వ్యతిరేకంగా 282.

రెండేళ్లు గడిచాయి. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బుల ప్రతినిధులు కూర్చుని పాత సంఘం నుంచి బయటికొచ్చేశారు. మొత్తం 22 క్లబ్బులతో "నార్తర్న్ యూనియన్" మొదలైంది. తర్వాత రగ్బీ లీగ్ అయింది ఇదే. ఓల్డమ్, విగన్, సెయింట్ హెలెన్స్, లీడ్స్, హల్, వేక్‌ఫీల్డ్, అన్నీ మిల్లుల, గనుల, రేవుల ఊళ్లే. ఆటగాడికి తెగిన పూటకు ఇచ్చేది రోజుకు ఆరు షిల్లింగులకు మించకూడదని నియమం. పదిరోజులు కూడా తిరక్కుండానే, సెప్టెంబరు 7న, ఆటలు మొదలయ్యాయి. మొదటి ఏడాది విజేత మానింగ్‌హామ్ 1903లో రగ్బీనే వదిలేసి ఫుట్‌బాల్ జట్టు బ్రాడ్‌ఫర్డ్ సిటీగా మారిపోయింది. అదో వింత.

ఆట ఒక్కసారిగా వృత్తి అయిపోయిందనుకుంటే పొరపాటు. 1898లో బహిరంగంగా డబ్బిచ్చుకోవచ్చన్నారు గానీ, ఆటగాడికి వేరే నికార్సైన ఉద్యోగం ఉండి తీరాలన్నారు. బిలియర్డ్స్ బల్ల దగ్గర లెక్కలు రాయడం, సారా దుకాణంలో గ్లాసులు అందించడం ఉద్యోగాలుగా చెల్లవన్నారు. అంటే ఎదిరించి బయటికొచ్చిన సంఘం కూడా మొదట్లో తన ఆటగాళ్లను అనుమానంగానే చూసింది. కొన్నేళ్లకు ఆ నిబంధన ఎత్తేశారు. 1906లో జట్టుకు ఇద్దర్ని తగ్గించి పదమూడు చేశారు. గుంపు పలచబడితే ఆట వేగంగా ఉంటుంది, జనం కూర్చుని చూస్తారు, గేటు డబ్బులు వస్తే కూలి ఇవ్వొచ్చు. అదే ఏడాది ఇంకో మార్పు వచ్చింది. బంతి పట్టుకున్నవాణ్ని పడగొడితే, వాడు లేచి నిలబడి, బంతిని నేలమీద పెట్టి, మడమతో వెనక్కి జరిపి ఆట సాగిస్తాడు. ఇప్పుడైతే ఆరుసార్లు పట్టుబడితే బంతి ఎదుటివాళ్లది. చెడుగుడు తెలిసినవాడికి ఈ ఆట చప్పున అర్థమవుతుంది. వెళ్లడం, పట్టడం, లేవడం, మళ్లీ వెళ్లడం.

పాత సంఘం మాత్రం కక్ష వదల్లేదు. లీగ్‌లో ఒక్కసారి డబ్బుకు ఆడినవాడికి యూనియన్‌లో జీవితకాలం వెలి. కులం తప్పినవాణ్ని బంతి నుంచి లేపేసినట్టు. చివరికి 1995 ఆగస్టులో, జార్జ్ హోటల్ సమావేశానికి సరిగ్గా నూరేళ్లు నిండబోతుండగా, రగ్బీ యూనియన్ కూడా డబ్బు పుచ్చుకోవచ్చని ప్రకటించింది.

ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ పుట్టుక మన క్రికెట్ అభిమానులకు కాస్త దగ్గరి కథ. 1907లో సిడ్నీలో అలెక్స్ బర్డన్ అనే ఆటగాడు గాయపడి పనికి పోలేకపోయాడు. అక్కడి రగ్బీ యూనియన్ సంఘం ఖజానా నిండా డబ్బుంది, అతనికి మాత్రం పరిహారం రాలేదు. ఈ సంగతి మీద కోపమొచ్చినవాళ్లు చేరి మాట్లాడుకునే చోటు విక్టర్ ట్రంపర్ ఆటసామాను దుకాణం. అవును, ఆ ట్రంపరే, బ్యాటింగ్‌లో అప్పటి ప్రపంచం కళ్లకద్దుకున్నవాడు. ఆయన, జె.జె. గిల్టినన్, మరికొందరు కలిసి ఆగస్టులో కొత్త లీగ్ పెట్టారు. మరొకరి భుజం కోసం క్రికెటరు తువ్వాల పట్టాడన్నమాట.

అదే ఏడాది న్యూజీలాండ్‌లో తపాలా గుమస్తా ఆల్బర్ట్ బాస్కర్‌విల్ ఒక జట్టును కూడగట్టి ఇంగ్లండు తీసుకెళ్లాడు. ఆటగాళ్లు తలా 50 పౌండ్లు వేసుకున్నారు. లాభమొస్తే అందరికీ వాటా. పత్రికలు న్యూజీలాండ్ యూనియన్ జట్టు "ఆల్ బ్లాక్స్" పేరును తిప్పి, వెక్కిరింతగా వీళ్లకు "ఆల్ గోల్డ్స్" అని పేరు పెట్టాయి. తిరిగొస్తూ బ్రిస్బేన్‌లో బాస్కర్‌విల్ న్యుమోనియాతో చనిపోయాడు. ఇరవై అయిదేళ్లవాడు. న్యూజీలాండ్ గడ్డ మీద ఈ ఆట మొట్టమొదట ఆడింది, 1908 జూన్‌లో వెల్లింగ్టన్‌లో, అతని తల్లికి సాయంగా. ఒక దేశంలో ఒక ఆట చందాతో మొదలవడం నేను ఇంకెక్కడా వినలేదు.

ఈ దీవుల దాకా వచ్చాం గనక ఫిజీ మాట. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కిన కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది. చెరకు తోటల్లో గిర్మిటియాలుగా, అంటే ఒప్పందపు కూలీలుగా పనిచేశారు. ఫిజీ అంటే ప్రపంచానికి రగ్బీ. మనవాళ్లు మాత్రం ఆ దారిన పోలేదు, ఫుట్‌బాల్ పట్టుకున్నారు. అక్కడ భారతీయుల ఫుట్‌బాల్ సంఘం 1938లో ఏర్పడింది. రగ్బీ స్థానిక ఫిజీయన్లది, ఫుట్‌బాల్ కూలికొచ్చినవాళ్లది. ఎవరి ఆట ఎవరిదో తోటల్లోనే తేలిపోయింది.

పల్నాడువాడిగా నాకు లీగ్ చరిత్రలో ఎక్కువ నచ్చింది చాపకూడు గుణం. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని, కన్నమదాసుకు సైన్యంలో పెద్దరికం ఇచ్చాడని మనం చెప్పుకుంటాం. కార్డిఫ్‌లో పుట్టిన నల్లజాతి ఆటగాడు క్లైవ్ సల్లివన్ 1972లో బ్రిటన్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఏ పెద్ద ఆటలోనైనా బ్రిటన్ జాతీయ జట్టును నడిపిన మొదటి నల్లవాడు ఆయనే. ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్ గెలిచారు. ఆస్ట్రేలియాతో ఫైనల్ 10-10తో సమమైతే, లీగ్ దశలో పైనున్నందుకు కప్పు బ్రిటన్‌కు వచ్చింది. నలభై రెండేళ్లకే ఆయన క్యాన్సర్‌తో పోతే హల్ నగరం ఒక పెద్ద రోడ్డుకు ఆయన పేరు పెట్టుకుంది. అయితే చాప మరీ అంత వెడల్పేమీ కాదు. 1961లో సల్లివన్ హల్ జట్టులో చేరినప్పుడు అక్కడ కోచ్ రాయ్ ఫ్రాన్సిస్, ఆయనా నల్లజాతివాడే. ఆటగాడిగా మంచి ఊపులో ఉన్న ఫ్రాన్సిస్‌ను 1946 ఆస్ట్రేలియా పర్యటనకు తీసుకెళ్లలేదు. అక్కడి వర్ణవివక్షకు భయపడే వదిలేశారని చరిత్రకారుల మాట.

మరి మన చెడుగుడు సంగతి? మన ఆట బెర్లిన్ దాకా 1936లోనే వెళ్లింది. అమరావతి, మన అమరావతి కాదు, విదర్భలోది, అక్కడి హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ ఒలింపిక్స్ సందర్భంగా ఆడి చూపించింది. 1950లో జాతీయ సమాఖ్య, 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట. ఇంత నడిచినా "తెగిన పూట" అడిగిన జేమ్స్ మిల్లర్ మనకు పుట్టలేదు. రైల్వేలు, పోలీసు, బ్యాంకులు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చి ఆ ప్రశ్న రాకుండా చేశాయని నా అనుమానం. ఉద్యోగం దొరికినవాడు అడగలేదు, దొరకనివాడి కూత గీత దాటలేదు.

2014 జులైలో ప్రొ కబడ్డీ వచ్చింది. మొదటి వేలంలో అందరికన్నా ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్ ధర 12.80 లక్షలు. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ కోసం పెట్టింది 2 కోట్ల 60 లక్షల పైమాట. ఆట మట్టిలోంచి మ్యాట్ మీదికెక్కింది, కూతకు ముప్పై సెకన్ల గడువు వచ్చింది. డబ్బు వచ్చాకే, ఆట ఎవరిదన్న తగువు కూడా గట్టిగా వినిపించింది. మాజీ ఆటగాళ్లు సమాఖ్య మీద ఢిల్లీ హైకోర్టుకెక్కారు. 2018 ఆగస్టులో కోర్టు సమాఖ్య పెత్తనాన్ని పక్కనపెట్టి పాలకుణ్ని నియమించింది. ఆ నెలలోనే జకార్తా ఆసియా క్రీడల్లో మన పురుషులు, మహిళలు ఇద్దరూ ఇరాన్ చేతిలో ఓడారు. తర్వాత కోర్టు ఒక చిత్రమైన మ్యాచ్ పెట్టించింది. ఎంపికైనవాళ్లు, ఎంపిక కానివాళ్లు ఎదురెదురు ఆడి ఎవరు మేటో తేల్చుకోవాలి. సెప్టెంబరు 15న మైదానంలోకి రెండో జట్టే వచ్చింది. ఎంపికైన జట్టు రాలేదు.

2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో ఇంకో దృశ్యం. కెప్టెన్ పవన్ కూత మీదే వివాదం రేగి, రెండు జట్లూ పట్టుబట్టి, ఆట చాలాసేపు ఆగిపోయింది. చివరికి 33-29తో బంగారం మనది. నోరు తెరిచే కెప్టెన్‌ను చూసి నాకు ముచ్చటేసింది. అయితే ఆ నోరు పాయింట్ల కోసం తెరుచుకుంది. భుజాల కోసం కూడా తెరుచుకుంటే చూడాలనుంది.

భుజం కోసమంటే ఏమిటో లీడ్స్ రగ్బీ లీగ్ జట్టువాళ్లు చూపించారు. అయిదడుగుల అయిదంగుళాల రాబ్ బరో, ఏనుగుల మధ్య ఉడతలా ఆడి, ఎనిమిదిసార్లు లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 2019 డిసెంబరులో కండరాలను నడిపే నరాలు చచ్చుబడే జబ్బు బయటపడింది. అతని పాత కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్ 2020 డిసెంబరులో ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరుగెత్తాడు. ఏడు, బరో చొక్కా మీది అంకె. అడిగింది 77,777 పౌండ్లు, వచ్చింది ఇరవై లక్షల పౌండ్ల పైన. 2023 మేలో లీడ్స్ మారథాన్‌లో చక్రాల కుర్చీని తోసుకుంటూ పరుగెత్తి, చివరి గీత ముందు ఆగి, స్నేహితుణ్ని చేతులమీదికి ఎత్తుకుని దాటించాడు. బరో 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఆ జబ్బుకు వైద్యం చేసే కేంద్రం లీడ్స్‌లో అతని పేరు మీద లేచింది.

ఆ మారథాన్ వీడియో ఫోన్లో మా ఊరాయనకు చూపించాను. భుజం విరిగిన ఆనాటి కుర్రాడే. ఇప్పుడు తల నెరిసింది, ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త కిందికి ఉంటుంది. కనుమ పందేలకు ముగ్గుపిండితో గీతలు పోసేది ఇప్పటికీ ఆయనే. రెండుసార్లు చూసి, ఫోన్ నా చేతిలో పెట్టి, చేలోకి దిగాడు. కుర్రాళ్లు బిళ్ల ఎగరెయ్యడానికి సిద్ధంగా ఉన్నారు.

"ఆగండ్రా," అన్నాడు. "దెబ్బ తగిలితే తువ్వాల ఎవడు పడతాడో ముందు చెప్పండి. బిళ్ల తర్వాత ఎగరేద్దురుగాని."