కూటశాసనములును, కూటవార్తలును

శాసనపరిశోధకులకు కూటశాసన మనుమాట క్రొత్తది కాదు. జరుగని భూదానమును జరిగినట్లుగా పూర్వరాజుల పేర రాగిరేకులపై వ్రాయించి హక్కు సంపాదింప జూచినవారు ప్రాచీనకాలమున కలరు. అట్టి శాసనకర్తలకు మనుస్మృతి నవమాధ్యాయము వధదండనమును విధించినది. లోకము ప్రమాణముగా గైకొను పత్రమును చెఱచుట యంతటి యపరాధముగా నెంచబడెను. ఎన్నికల దినములలో వార్తాపత్రికలకు పట్టిన దోషమును విచారించుటకు ఈ ప్రాచీనభావము మిక్కిలి యుపకరించును.

పత్రికలు పక్షము వహించుట మనదేశమున నూతనము కాదు. 1916వ సంవత్సరమున మద్రాసులో బ్రాహ్మణేతర నాయకులు స్థాపించిన సంఘమునకు, మఱుసటి యేట వారు వెలువరించిన ‘జస్టిస్’ అను ఆంగ్లపత్రిక పేరే వ్యవహారనామ మయ్యెను. తెలుగున ‘ఆంధ్రప్రకాశిక’ యా పక్షమునే సమర్థించెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో దినపత్రికగా మార్చి మద్రాసునుండి వెలువరించిన ‘ఆంధ్రపత్రిక’యు, ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున బందరునుండి వెలువడిన ‘కృష్ణాపత్రిక’యు జాతీయోద్యమమునకు అండయై నిలిచినవి. వీనిలో నిష్పక్షపాతమును వెదకువాడు నిరాశ చెందును గాని మోసపోడు. ఏ పత్రిక యే పక్షముదో చదువరి యెఱిగియే చదివెను.

స్వాతంత్ర్యానంతరమును ఈ సంప్రదాయము కొనసాగెను. 1982లో నందమూరి తారకరామారావుగారు తెలుగుదేశమును స్థాపింపగా, మఱుసటి జనవరిలో జరిగిన ఎన్నికలవఱకు ‘ఈనాడు’ వారి ప్రచారమునకు విశేషముగా తోడ్పడెను. 2008లో నాటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారి కుమారుడు ‘సాక్షి’ని నెలకొల్పెను. సమతూకము తగ్గినను, ఒకే సభను రెండు పత్రికలు రెండు విధముల వర్ణించినను, వాని మొగ్గు బహిరంగమే గనుక రెండింటిని పోల్చి సత్యమును అంచనా వేసికొనుట సాధ్యమే.

2009 ఎన్నికలలో బయటపడినది వేఱు జాతి దోషము. అభ్యర్థి సొమ్ము చెల్లించిన వ్రాత, ప్రకటన యని తెలుపు గుఱుతేమియు లేక, వార్తగా అచ్చుపడెను. ‘పెయిడ్ న్యూస్’ అను ఆంగ్లనామమే దీనికి తెలుగునను స్థిరపడెను. భారత ప్రెస్ కౌన్సిలు ఆ యేటనే పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డిగార్లతో నొక యుపసంఘమును నియమించెను. వారు చూపిన మోసము త్రివిధము: చదువరి వంచితుడగును, అభ్యర్థి యా సొమ్మును ఎన్నికల వ్యయపు లెక్కలలో చూపడు, పత్రికయు తన యాదాయములో చూపదు.

వ్రాతప్రతులను సరిపోల్చు పండితులకు పరిచితమైన పద్ధతియే ఈ కూటమును బట్టబయలు చేసెను. అదే యేట మహారాష్ట్ర శాసనసభ ఎన్నికల వేళ, పరస్పరస్పర్ధగల మరాఠీ దినపత్రికలలో ఒకే నాయకుని స్తుతి ఒకే మాటలతో వెలువడుటను పి. సాయినాథ్ గారు ‘హిందూ’ పత్రికలో వెల్లడించిరి. వేఱువేఱు ప్రతులలో అక్షరము తప్పక ఒకే పాఠమున్నచో మాతృక యొక్కటియే యనుట మన కెఱుకయే గదా.

ఇక దండనము మాట. 2007లో వార్తారూపమున వెలువడిన ప్రకటనల వ్యయమును చూపని ఉత్తరప్రదేశ శాసనసభ్యురాలి నొకరిని ఎన్నికల సంఘము 2011 అక్టోబరులో మూడేండ్లకు అనర్హురాలిగా నిర్ణయించెను. కొన్నవారికి శిక్ష కలిగెను. అమ్మినవారి మాట వేఱు. 1978వ సంవత్సరపు చట్టము ప్రెస్ కౌన్సిలునకు హెచ్చరించుటకును, మందలించుటకును, గర్హించుటకును మాత్రమే యధికార మొసగినది. పత్రికల పేర్లతో గూడిన యుపసంఘ నివేదికను సైతము కౌన్సిలు 2010లో సంక్షేపించియే యంగీకరింపగా, పూర్ణపాఠము 2011లో కేంద్ర సమాచార సంఘపు ఆజ్ఞచే గాని లోకమునకు లభింపలేదు.

వధదండనమును నేడెవ్వరును కోరరు. కోరదగినది గుఱుతు మాత్రమే: సొమ్ముతో అచ్చయిన ప్రతి వ్రాతపైనను ‘ప్రకటన’ యను మాట యుండవలెను. పక్షపాతపు వ్రాతను భావిచరిత్రకారుడు తూచి వాడుకొనగలడు. ఆంధ్రప్రకాశికను, కృష్ణాపత్రికను ప్రక్కప్రక్కన నుంచి నాటి వాదమును మనము గ్రహించుచున్నాము. కొనబడిన వార్త యెవరి పలుకో తెలియదు గనుక దానిని తూచుటకు రాయి లేదు. కావున పరిశోధకసంఘములు ఎన్నికల మాసముల సంచికలను, ఏ పక్షమును విడువక, భద్రపఱచుట యావశ్యకము. పాఠశాల పండితులు ఒకే దినపు పత్రికలను రెండుమూడింటిని విద్యార్థులచే సరిపోల్చి చదివింతురేని, కూటవార్తను గుర్తించు నేర్పు ఓటు హక్కు వచ్చుటకు ముందే వారికి అలవడును.