గోదావరి బురద మీద ఈడ్చిన వలలు

కాకినాడ నుంచి అంతర్వేది దాకా సముద్రంలో చేప ఎందుకు తగ్గిందని అడిగితే రెండు సమాధానాలు వినిపిస్తాయి. పెద్ద ఓడలొచ్చి ఊడ్చుకుపోయాయన్నది మొదటిది. బంగాళాఖాతం అడుగున ఉన్నదంతా బురద, పైగా ప్రాణవాయువు తక్కువ, అక్కడ పాడవడానికి ఏముందన్నది రెండోది. మొదటి మాట ఉద్యమాల నుంచి వచ్చింది. రెండోది చదువుకున్నవాళ్ల నోట ఎక్కువగా వినిపిస్తుంది. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ వల ఈడ్చే నేలకు కూడా ఒక చరిత్ర ఉందన్న ఎరుక రెండింటిలోనూ లేదు. మన మత్స్యశాఖల చరిత్రలు పట్టుబడి ఎన్ని టన్నులో చెప్పి ఆగిపోతాయి.

ఆ నేల మనకు పరాయిది కాదు. ధవళేశ్వరం దిగువన గౌతమిగా, వసిష్ఠగా చీలిన నది ఆత్రేయపురం, కొత్తపేట, రాజోలు సీమలను ఒరుసుకుంటూ మోసుకుపోయే ఒండ్రులో కొంత లంకలకు దక్కుతుంది, తక్కింది సముద్రం అడుగున పరుచుకుంటుంది. కోనసీమ పొలం, దాని ఎదుట సముద్రపు నేల ఒకే మట్టి.

ఈ సముద్రపు అడుగును అన్వేషించిన తొలి దశలు అందరికీ తెలిసినవే. 19వ శతాబ్దం చివర ‘ఇన్వెస్టిగేటర్’ ఓడ బంగాళాఖాతం లోతుల్ని దేవింది. అందులో పనిచేసిన ఆల్కాక్ 1902లో ఆ జీవుల గురించి పుస్తకం రాశాడు. 1908లో బెంగాల్లో ‘గోల్డెన్ క్రౌన్’, 1927లో మద్రాసు ప్రభుత్వం తరఫున ‘లేడీ గోషెన్’ ట్రాల్ వలతో అన్వేషణ చేశాయి. 1946లో కేంద్రం మొదలుపెట్టిన అన్వేషణ సంస్థే 1983లో ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా అయింది. విశాఖలో దాని స్థావరం ఉంది.

ఈ వరుసలో ఎవరూ పట్టించుకోని ఒక పని ఉంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం సముద్రపు అడుగును శ్రద్ధగా చదివింది. అమెరికా నుంచి వచ్చిన లఫాండ్ తీరానికి ఎదురుగా ఉన్న జలాంతర్గత లోయలను గుర్తించాడు. వాటిలో ఒకటి ఇప్పటికీ ఆంధ్ర లోయగానే వ్యవహారంలో ఉంది. జంతుశాస్త్ర శాఖకు చెందిన పి.ఎన్.గణపతి, ఎం.వి.లక్ష్మణరావు ఈశాన్య తీరపు అడుగు నేలలో బతికే జీవుల మీద తమ తొలి పరిశీలనలను 1959లో ప్రచురించారు. బురదలో బొరియలు చేసుకునే పురుగులు, గుల్లలు, చిన్న పీతల లోకం అది. ఈ తేదీ ముఖ్యమైనది. చిన్న మరబోట్లు ఈ తీరంలో ట్రాల్ వలలు పట్టింది 1960ల్లో. అంటే వల తగలకముందు ఈ నేల ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం మన చేతిలోనే ఉంది. బురదలో ఏమీ లేదనడానికి ఆస్కారం అప్పుడే పోయింది.

అసలు వివాదం 1972కూ 1997కూ మధ్య కాలం గురించి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా 1972లో ఏర్పడింది. విదేశాల్లో రొయ్య ధర పెరగడంతో మెక్సికో తరహా పెద్ద ట్రాలర్లు విశాఖకు చేరాయి. యూనియన్ కార్బైడ్ వంటి కంపెనీ కూడా ఈ వ్యాపారంలోకి దిగింది. 1990 నాటికి వాటి సంఖ్య వంద దాటింది. లోతు సముద్రం పేరుతో లైసెన్సులూ రుణాలూ ఇచ్చారు. అవి పనిచేసింది మాత్రం లోతులో కాదు. వాటి ముఖ్యమైన వేటభూమి హుగ్లీ నది ముఖం ఎదుట ఉన్న శాండ్‌హెడ్స్. అక్కడ లోతు వంద మీటర్ల లోపే.

దీనికి కారణం రొయ్య జీవితంలోనే ఉంది. టైగర్ రొయ్య పిల్లప్రాయం కోరింగ లాంటి మడ అడవుల పాయల్లో గడుస్తుంది. పెరిగాక సముద్రంలోకి దిగి నది ముఖాల దగ్గర బురదలోనే ఉంటుంది. పగటిపూట ఒంటిని బురదలో దాచుకుంటుంది. దాన్ని పైకి లేపాలంటే వల ముందుభాగాన కట్టిన గొలుసు నేలను గీరాలి. వల నోరు తెరిచి ఉంచే రెండు బరువైన బోర్డులు రెండు చాళ్లు తీస్తూ పోతాయి. దున్నిన పొలంలో నాట్లు వేస్తారు. ఇక్కడ దున్నడమే తప్ప నాటేవాడు లేడు. పెద్ద ఓడల్లో చల్లగది చోటంతా రొయ్యకే కాబట్టి, వలలో పడిన తక్కిన చేపల్లో చాలాభాగం చచ్చాక నీళ్లలోకే వెళ్లేది.

అలాగని గోదావరి ఎదుటి నేలను పెద్ద ఓడలే పాడుచేశాయనలేం. అవి దక్షిణానికి రాలేదని నేననడం లేదు. కానీ వాటి బలమంతా ఉత్తరాన ఉంది. మన నేల మీద ఏడాది పొడవునా తిరిగినవి కాకినాడ, విశాఖ రేవుల సొంత మరబోట్లు. 1980ల్లో వచ్చిన సోనా బోట్లు ఐసు వేసుకుని వారం పైగా సముద్రంలో ఉండగలిగాయి. ఒక చోట ఒకసారి గీరిన నేల కోలుకోవచ్చు. ఆ కోలుకునే వ్యవధి ఇవ్వకుండా మళ్లీ మళ్లీ గీరడమే హాని. 1990ల్లో చెరువుల సాగుకు హేచరీలు పుట్టుకొచ్చి తల్లి రొయ్యకు విపరీతమైన ధర పలకడంతో ఈ తిరుగుడు ఇంకా పెరిగింది. 2009లో వనామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చేదాకా ఆ గిరాకీ చల్లారలేదు. కోనసీమ వరిచేలు చెరువులవడం, సముద్రపు అడుగు గీరుకుపోవడం ఒకే గొలుసులో రెండు కొసలు. ఈ లంకెను మన చరిత్రలు చూపలేదన్నదే నా ప్రధానమైన అభ్యంతరం.

1991లో కేంద్రం విదేశీ ఓడలతో ఉమ్మడి వ్యాపారానికి తలుపు తెరిచింది. 1994లో మత్స్యకారులు దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారు. ఆ విధానాన్ని సమీక్షించిన మురారి కమిటీ 1996లో నివేదిక ఇచ్చింది, 1997లో కేబినెట్ దాన్ని అంగీకరించింది. అది న్యాయమైన గెలుపు. కానీ ఉద్యమం తీరప్రాంత ట్రాలింగ్‌ను కూడా ప్రశ్నిస్తే, ప్రభుత్వం చెవిన పెట్టింది విదేశీ ఓడల మాట ఒక్కటే. అదే కాలంలో వచ్చిన 1994 నాటి రాష్ట్ర చట్టం తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ నావలకు కేటాయించింది. చట్టం దూరాన్ని కొలిచింది, లోతును కొలవలేదు. కాకినాడ అఖాతం దగ్గర 8 కిలోమీటర్లకు ఉండే లోతు, గౌతమి ముఖం ఎదుట అంతే దూరానికి ఉండే లోతు ఒకటి కావు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ నేల మార్పుకు కారణం వల ఒక్కటే కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు 1970ల్లో ఏటా సుమారు 15 కోట్ల టన్నులుంటే 1990ల్లో 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎగువ జలాశయాలే అందుకు కారణమని వారు తేల్చారు. వల నేలను చెరిపిన కాలంలోనే, ఆ నేలను పోసే నది కూడా చేయి బిగించింది. తుఫాన్లూ అడుగును కలచివేస్తాయి. గోదావరికి ఎదురీదే పులస చేప తగ్గుదలను సోనా బోట్ల మీదే మోపడమూ సరికాదు. 1852 నుంచి దాని దారికి ధవళేశ్వరం ఆనకట్ట అడ్డంగా ఉంది. ఈ కారణాలన్నీ వల నేరాన్ని మాఫీ చేయవు, దాని పాలు ఎంతో జాగ్రత్తగా తేల్చమంటాయి.

నిజమైన లోతు సంగతి వేరు. సుమారు 100 నుంచి 700 మీటర్ల వరకు బంగాళాఖాతంలో ప్రాణవాయువు చాలా తక్కువ. అక్కడ బతికే జీవులు తక్కువ రకాలు, ఆ పరిస్థితికి అలవాటుపడినవి. అంతకు దిగువన కృష్ణా-గోదావరి బేసిన్లో నేల నుంచి మీథేన్ ఊరే చోట్లను గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ గుర్తించింది. సూర్యకాంతితో పనిలేకుండా ఆ వాయువు ఆధారంగా గుల్లలు, గొట్టపు పురుగులు అక్కడ గుంపులుగా బతుకుతున్నాయి. ఖాళీ అనుకున్నచోటే ఈ లోకం బయటపడింది. అక్కడికి ఇంకా ట్రాల్ వల చేరలేదు. 2006లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ బలహీనమైన లోతు నేలలను కాపాడమని తీర్మానించింది. ఐరోపా సమాఖ్య 2016లో 800 మీటర్లకు దిగువన అడుగు ట్రాలింగ్‌ను నిషేధించింది. శ్రీలంక 2017లో తన జలాల్లో దాన్ని పూర్తిగా నిషేధించింది.

మన దగ్గర ఏం జరిగింది? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం ఉంది. అది చేప గుడ్డు పెట్టే కాలాన్ని కొంత కాపాడుతుంది, మంచిదే. జంట బోట్లతో ట్రాలింగ్‌ను కేంద్రం 2017లో నిషేధించింది. తాబేళ్లను వదిలేసే పరికరం గొడవ 1996 నుంచి నలుగుతోంది, అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. కొనేవాడు అడిగినందుకే తాబేలు లెక్కలోకి వచ్చింది. బురదలో పురుగు గురించి ఏ కొనుగోలుదారూ అడగడు, అందుకే దాని గురించి ఒక్క నిబంధనా లేదు. మరోవైపు లోతు సముద్రపు పడవలకు కేంద్రం కొత్తగా రాయితీలిస్తోంది. తీర మత్స్యకారుడికి వేరే బతుకుదారి చూపాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ సూరల వంటి పైనీటి చేపల కోసం గాలం పడవలకిచ్చే సాయాన్నీ, అడుగు వలకు దారితీసే సాయాన్నీ విడివిడిగా చూడాలి. 1970ల్లో చేసిన తప్పు ఈ తేడాను చూడకపోవడమే.

చేయవలసిన పనులు రెండు. గణపతి, లక్ష్మణరావు నమూనాలు తీసిన పద్ధతిలోనే ఆ నేలను మళ్లీ పరిశీలించాలి, ఆ పని గోదావరి ముఖాల దాకా విస్తరించాలి. లోతు వాలుల మీదికి వల వెళ్లకముందే రాష్ట్రమూ కేంద్రమూ కలిసి అడుగు ట్రాలింగ్‌కు ఒక లోతు హద్దు గీయాలి. వల పడ్డాక పెట్టే నిషేధం ఆ జీవులను తిరిగి తేలేదు.