కర్త లేని కరువు: ఆకలి వార్తల భాషపై ఒక పరిశీలన

కరువు వార్తల్లో చచ్చినవారి లెక్క ఉంటుంది, చావుకు కారకుల ఊసు అరుదు. వాక్యంలో కర్త లోపిస్తే బాధ్యతా లోపిస్తుంది. బెంగాల్ (1943), ఇథియోపియా (1984) కరువుల వార్తలను, తెలుగు శీర్షికలను ఈ వ్యాసం ఆ దృష్టితో పరిశీలిస్తుంది.

బెంగాల్: పేరు పెట్టని కరువు

జపాన్ సేనలు వస్తాయన్న భయంతో 1942లో బ్రిటిష్ ప్రభుత్వం బెంగాల్ తీరప్రాంతాల నుంచి బియ్యం తరలించింది. పదిమందికి పైగా పట్టే పడవలను స్వాధీనం చేసుకోవడమో ధ్వంసం చేయడమో చేసింది. యుద్ధకాలపు ధరలు కూలీల చేతికి బియ్యం అందనీయలేదు. అయినా కరువును అధికారికంగా ప్రకటించలేదు. కలకత్తా వీధుల్లో పడిపోయినవాళ్లు సర్కారీ లెక్కల్లో ‘జబ్బుపడ్డ నిరాశ్రయులు’. ఆ మాటలో ఆకలి లేదు, జబ్బు ఉంది. జబ్బుకు ఏ ప్రభుత్వమూ జవాబు చెప్పనక్కరలేదు.

1943 ఆగస్టు 22న ‘ది స్టేట్స్‌మన్’ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ఆకలి ఫొటోలు అచ్చువేశాడు. ఫొటోలు లోకాన్ని కదిలించాయి. పాలకులను ఇరుకున పెట్టింది మాత్రం సంపాదకీయాలే. వారానికి సుమారు వెయ్యి మరణాలని భారత వ్యవహారాల మంత్రి ఏమరీ అక్టోబరులో బ్రిటిష్ పార్లమెంటులో చెప్పగా, ఆ లెక్క తప్పని పత్రిక ఎదురు నిలిచింది. 1945లో విచారణ సంఘం మృతులు 15 లక్షలని అంచనా వేసింది. తర్వాతి పరిశోధకుల్లో పలువురు 30 లక్షల దాకా చెప్పారు.

1943 నవంబరులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లా తిరిగి బొమ్మలు గీశాడు, వాటికి తోడు తాను చూసిన మనుషుల కథలు రాశాడు. ‘హంగ్రీ బెంగాల్’ పేరిట అచ్చైన ఆ పుస్తకం ప్రతులను ప్రభుత్వం తగలబెట్టించింది.

ఇథియోపియా: యుద్ధం కనిపించని కరువు

1984 అక్టోబరు 23న కోరెం శిబిరం నుంచి మైకేల్ బర్క్ ఇచ్చిన బీబీసీ కథనం ఆ ఆకలిని బైబిలు కాలపు కరువుతో పోల్చింది. ఛాయాగ్రాహకుడు మహమ్మద్ అమీన్ తీసిన దృశ్యాలు చూసి ప్రపంచం విరాళాలు కురిపించింది. కానీ పురాణకాలపు విపత్తుకు వర్తమానంలో దోషి ఉండడు. టిగ్రే, ఎరిట్రియా తిరుగుబాట్లను అణచేందుకు మెంగిస్టు ప్రభుత్వం సాగించిన యుద్ధం కరువును ఎంత తీవ్రం చేసిందో ఆ పోలికలో ఇమడలేదు.

తెలుగు శీర్షికలు

మన శీర్షికల్లో కర్త ఉంటాడు గానీ, అతడు మనిషి కాడు. ‘కరువు రక్కసి’, ‘కరువు కాటు’, ‘కరువు కోరల్లో సీమ’ అన్నప్పుడు చెరువు పూడిక తీయించనివారు, పంటకు ధర కట్టనివారు, కూలి డబ్బులు ఆపినవారు తప్పుకుంటారు, నేరం రాక్షసిది అవుతుంది.

ముగింపు

ఎండిన డొక్కలను వర్ణించడం తప్పు కాదు. అక్కడే ఆగిపోవడం తప్పు. జాలి విరాళం తెస్తుంది, కారణం తెలిస్తేనే నిలదీత సాధ్యం. వాన కురవకపోవడం ప్రకృతి పని కావచ్చు. గింజ అందకపోవడం మనుషుల నిర్ణయం. ఆ నిర్ణయం ఎవరిదో, ఎప్పటిదో చెప్పని కరువు వార్త సగం వార్తే.