‘జంగిల్’ అను మాట పుట్టుపూర్వోత్తరములు

తమిళనాట గాని కన్నడసీమలో గాని పెరిగిన తెలుగుబిడ్డకు ‘కాడు’ అను మాట వీధిలో ఒక అర్థముతోను, ఇంటిలో మరొక అర్థముతోను వినవచ్చును. వీధిలో అది అడవి, ఇంటిలో వల్లకాడు. “ఊరు పొమ్మన్నది, కాడు రమ్మన్నది” అని అవ్వ నిట్టూర్చినపుడు, ఈ వయసున అవ్వ అడవికేల పోవునని అడిగిన మనుమలు మన కుటుంబములలో తక్కువ కారు. మూడు భాషలలోను మాట ఒక్కటే. తెలుగున అది శ్మశానమునకు పరిమితమైనది. చెట్లున్న చోటికి ‘అడవి’ నిలిచినది.

నేలను గూర్చిన మాటలు ఇట్లు అర్థము మార్చుకొనుట వింత కాదు. అయినను ఇంగ్లీషువారి ‘జంగిల్’ వలె పూర్తిగా తలక్రిందులైన మాట మరొకటి నాకు కానరాదు. జంగిల్ అనగానే నేటి చదువరి మనస్సునకు తోచునది ఎండ చొరని చెట్లగుంపు, పెనవేసికొన్న తీగెలు, జలగలు, పులులు. కాని దీనికి మూలమైన సంస్కృతపదము ‘జాంగలము’. దాని అర్థము ఎండిన నేల.

ఆయుర్వేదము నెరిగిన వారికి ఇది క్రొత్త సంగతి కాదు. చరకసంహిత కల్పస్థానమున దేశము మూడు విధములుగా చెప్పబడినది: నీటిపట్టైన అనూపము, మెట్టయైన జాంగలము, రెండును కలిసిన సాధారణము. జాంగలమున ఆకాశము విశాలముగా నుండును. చండ్ర, రేగు, జమ్మి వంటి చెట్లు పెరుగును. ఇసుక, గులకరాళ్ళు, గరుకు నేల, ఎండమావులు, లావుకపిట్టలు, తిత్తిరిపక్షులు. వాతపిత్తములు ప్రబలముగా నుండును గాని మనుష్యులు దృఢకాయులు. అనంతపురపు మెట్టలను చూచిన వారికి ఈ వర్ణన కన్నులకు కట్టక మానదు.

అది మనుష్యులు విడిచిన చోటును కాదు. రాజు జాంగలదేశమున నివసింపవలెనని మనుస్మృతి ఏడవ అధ్యాయము విధించుచున్నది. కురువంశీయుల రాజ్యభాగమునకు కురుజాంగలమని పేరు. థారు ఎడారి అంచుననున్న బికనీరు సీమకు జాంగలదేశమను పేరుండుటయు, అచ్చటి రాజులు ‘జంగలధర్ బాద్‌షా’ అను బిరుదు ధరించుటయు ఈ పాత అర్థమునకే సాక్ష్యములు. ఎడారి ప్రభువు దట్టమైన అడవికి రాజుననిపించుకొనునా? ఈ తారుమారును ఫ్రెంచి పండితుడు ఫ్రాన్సిస్ జిమ్మర్‌మాన్ 1982లో వెలువరించిన గ్రంథమున విపులముగా చర్చించెను.

మరి ఎండిన నేల కీకారణ్య మెట్లయినది? హిందూస్తానీలో ‘జంగల్’ అనగా సాగులేని నేల, తుప్పలు మొలచిన చోటు అను అర్థము ఏర్పడినది. ఇంగ్లీషున ఈ మాటకు కనబడు తొలి ప్రయోగములలో ఒకటి 1776లో అచ్చయిన హాల్‌హెడ్ ధర్మశాస్త్ర గ్రంథమున కలదు. వారన్ హేస్టింగ్సు కోరికపై పదునొకండుగురు పండితులు సంస్కృతమున కూర్చిన ఆ ధర్మసంగ్రహము మొదట పారసీకమునకును, ఆ పారసీకము నుండి హాల్‌హెడ్ చేత ఇంగ్లీషునకును మారినది. ఐదేండ్లు బీడుపడిన భూమి జంగిల్ అనబడునని అందున్నది. ఇదే ధర్మము నారదస్మృతిలో కలదు: ఏడాది దున్నని పొలము అర్ధఖిలము, మూడేండ్లు దున్ననిది ఖిలము, ఐదేండ్లు విడిచినది అటవితో సమానము. స్మృతిలో ‘అటవి’ యున్న చోట ఇంగ్లీషున ‘జంగిల్’ వచ్చి కూర్చున్నది. అటవి యనగా మన అడవియే కదా!

ఆ గ్రంథపు పేరులో ‘జెంటూ’ అను మాట యున్నది. అచ్చట దానికి హిందువులని అర్థము. అయితే చెన్నపట్టణపు ఇంగ్లీషువారు ఆ కాలమున తెలుగువారిని, తెలుగుభాషను జెంటూ అనుచుండిరి. మన పేరును జంగిల్ అను మాటయు ఒకే అట్టల నడుమ ఇరుగుపొరుగులైనవి.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. బీడుపై మొలచిన తుప్పలు మాటలో చిక్కనై చెట్లయినవి. 1894లో కిప్లింగు ‘జంగిల్ బుక్’ వెలువడిన పిమ్మట ఆ అర్థము పిల్లలకు సైతము కంఠస్థమైనది. 1906లో అప్టన్ సింక్లేరు చికాగో కబేళాల దుర్భరజీవితమును వర్ణించిన నవలకు ‘ది జంగిల్’ అనియే పేరిడెను. అచ్చట చెట్టు లేదు, పుట్ట లేదు.

నా మనస్సు నిలుచునది హాల్‌హెడ్ వాక్యమున. అది చెట్లను గాక దున్నని ఏండ్లను లెక్కించినది. లెక్కల దృష్టిలో విడిచిన భూమి మన్యమువారికి పోడు. ఒకచోట కొన్నేండ్లు పండించి, నేలకు విశ్రాంతి నిచ్చి, మరల అచ్చటికే వచ్చెదరు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పిమ్మట అట్టి నేలలు రిజర్వు హద్దులలో చిక్కుకొనినవి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యము లేచుటకు అటవీ నిర్బంధములు ఒక ముఖ్యకారణము.

నిజాము రాజ్యమున అటవీశాఖకు ‘జంగ్లాతు’ అని పేరు. తెలంగాణ పల్లెలలో ఆ మాట భయముతో పలుకుచుండిరి. 1940లో జోడేఘాట్ వద్ద నేలకొరిగిన కొమరం భీము పేరుతో ముడివడిన నినాదము జల్, జంగల్, జమీన్. నీటికిని నేలకును నడుమ చెప్పబడిన ఆ జంగల్ పశువులు మేయు చోటు, కట్టెలు ఏరుకొను చోటు, పోడు కొట్టుకొను చోటు.