ఇంటి ధూళి – ఉబ్బసము: ఒక నింద తొలగిన కథ

ఇల్లు ఊడ్చునపుడు, పాత పరుపు దులుపునపుడు కొందరికి వరుసగా తుమ్ములు వచ్చును. మరికొందరికి అంతటితో ఆగదు. ఛాతీ బిగిసి, పిల్లికూతలు పుట్టి, ఊపిరి తీసుకొనుట కంటె విడుచుట కష్టమగును. ప్రక్కనే నిలిచి అదే ధూళిని పీల్చినవారికి ఏమియు కాదు. ఈ భేదము ఎందువలన కలిగినది? ధూళిలో ఉన్నదేమి? శరీరము దానిని ఏమని తలచుచున్నది? ఈ ప్రశ్నలకు సమాధానములు దొరకుటకు చాల కాలము పట్టినది. ఆలోగా ఎందరో తల్లులు తాము చేయని తప్పునకు నింద మోయవలసి వచ్చినది.

పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులలో చాలమంది ఉబ్బసమును నరముల జబ్బుగా భావించిరి. 1940 ప్రాంతమున అమెరికాలోని కొందరు మనోవైద్యులు ఇంకొక మెట్టు ముందుకు పోయిరి. బిడ్డ పిల్లికూత తల్లి కొరకు అణచుకొన్న ఏడుపేనని, తల్లి ప్రవర్తనయే రోగమునకు మూలమని వారు వాదించిరి. పెష్కిన్ అను వైద్యుడు, మందులకు లొంగని పిల్లలను తల్లిదండ్రుల నుండి దీర్ఘకాలము వేరుచేయుటయే చికిత్సయని ప్రచారము చేసెను. అట్టి పిల్లలను కొలరాడో రాష్ట్రములోని డెన్వరు నగరమునకు పంపుచుండిరి. అచ్చట చాలమందికి జబ్బు నెమ్మదించెను. ఇంతకంటె ఋజువేమి కావలెనని ఆ వైద్యులు భావించిరి.

కాని ఆ బిడ్డ ఇంటిలో వదలి వచ్చినది తల్లిని మాత్రమేనా? తన పరుపును, తలగడను, ఇంటి గాలిని కూడ వదలి వచ్చెను. పైగా డెన్వరు సముద్రమట్టమునకు సుమారు 1,600 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటి గాలి పొడిగా నుండును. ప్రయోగములో ఒకేసారి ఇన్ని మార్పులు జరిగినపుడు ఫలితము దేనివలన కలిగినదో చెప్పుట కష్టము. ఈ సంగతి విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

అసలు కారణమునకు దారిచూపిన మొదటి ఆలోచన వియన్నాలో పుట్టినది. శరీరపు రక్షణశక్తి మనలను కాపాడుటకే యున్నదని అంతవరకు అందరి నమ్మకము. క్లెమెన్స్ ఫాన్ పిర్కె అను పిల్లల వైద్యుడు, ఆ శక్తియే ఒక్కొక్కప్పుడు హాని చేయవచ్చునని గ్రహించెను. ఒకసారి తగిలిన పదార్థము మరల తగిలినపుడు శరీరము చూపు మారిన ప్రతిక్రియకు 1906లో ఆయన ‘ఎలర్జీ’ అని పేరు పెట్టెను.

ఈ మార్పు శరీరములో ఎచ్చట దాగియున్నది? 1921లో బ్రెస్లౌ నగరమున ప్రావుస్నిట్జ్, క్యూస్ట్నర్ అను ఇద్దరు వైద్యులు దీనిని పరీక్షించిరి. క్యూస్ట్నర్ చేపను తినలేడు. తిన్న వెంటనే ఒళ్లంతా దద్దురులు లేచును. ప్రావుస్నిట్జ్‌కు చేపతో ఇబ్బంది లేదు. క్యూస్ట్నర్ రక్తరసమును ప్రావుస్నిట్జ్ పొట్ట చర్మములోనికి ఎక్కించి, మరునాడు అదే చోట చేపసారమును ఎక్కించిరి. కొలది నిమిషములలో అచ్చట దద్దురు లేచెను! ఎలర్జీని మోయునది రక్తరసములోని ఒక పదార్థమని తేలినది. రక్తము ద్వారా అంటువ్యాధులు సోకు భయమున్నందున ఇట్టి పరీక్షను నేడు చేయరు.

ఆ దినములలోనే అమెరికాలో కెర్న్, కుక్ అను వైద్యులు ఉబ్బస రోగులలో అనేకులకు ఇంటి ధూళి పడదని చర్మపరీక్షల వలన చూపిరి. కాని ఒక చిక్కు మిగిలినది. ఇంటి ధూళి యనగా దూది, ఉన్ని, ఈకలు, బూజు, జుట్టు, మట్టి—ఇంటింటికి వేరువేరు మిశ్రమము. అట్లయినను రోగి చర్మము ఏ యింటి ధూళికైనను ఒకే విధముగా స్పందించుచుండెను. అన్ని ఇండ్లలో సమానముగా నున్న ఆ వస్తువు ఏది? 1928లో జర్మనీలో డెక్కర్ అను వైద్యుడు రోగుల పడకలలో సూక్ష్మజీవులను చూచి వాటిని అనుమానించెను గాని, ఆ మాట అప్పుడు ఎక్కువమంది చెవికెక్కలేదు.

హాలండులోని లైడెన్ నగరమున వోర్‌హోర్స్ట్ అను వైద్యుడు, ఆయన సహచరుడు స్పీక్స్‌మా ఈ ప్రశ్నను పట్టుకొనిరి. తేమ ఎక్కువగా నున్న ఇండ్ల ధూళియే ఎక్కువ తీవ్రముగా నుండుట వారు గమనించిరి. తేమతో పెరుగునది ప్రాణమున్నదై యుండవలెను గదా! సూక్ష్మదర్శినిలో వెదకగా ధూళినల్లి కనబడినది. 1964లో వారు ఈ సంగతిని ప్రకటించిరి. మంచపు సందులలో దాగి రక్తము పీల్చు నల్లి వేరు, ఇది వేరు. ఇది సాలెపురుగుల కోవకు చెందిన ఎనిమిది కాళ్ల జీవి. పొడవు మిల్లీమీటరులో మూడవ వంతునకు మించదు. మనలను కుట్టదు, కరవదు. మన ఒంటి నుండి రాలు చర్మపు పొట్టే దాని ఆహారము. అది నీరు త్రాగదు. గాలిలోని తేమను పీల్చుకొని బ్రతుకును. గాలి పొడిగా నుండిన చోట ఎండి చచ్చును. ప్రయోగశాలలో పెంచిన నల్లుల సారముతో పరీక్షింపగా, ధూళి పడని రోగుల చర్మము వెంటనే స్పందించెను. స్విట్జర్లాండు కొండలలోని దావోస్‌కు పోయిన రోగులకు జబ్బు ఏల తగ్గుచుండెనో కూడ తెలిసినది. సుమారు 1,500 మీటర్ల ఎత్తున నున్న ఆ పొడిచోట ధూళినల్లులు బహు స్వల్పము.

ఇక మిగిలినది రక్తరసములోని పదార్థము. చిత్రమేమన, దానిని పట్టుకొన్నది డెన్వరులోనే. తల్లిదండ్రుల నుండి వేరుచేసిన పిల్లలుండిన సంస్థకు చెందిన పరిశోధనాలయములోనే! జపాను నుండి వచ్చిన కిమిషిగె, తెరుకో ఇషిజాకా దంపతులు, తమ చర్మము మీదనే పరీక్షలు చేసికొనుచు, 1966లో ఒక క్రొత్త ప్రతిరక్షకమును ప్రకటించిరి. మరుసటి సంవత్సరము స్వీడనులో యొహాన్సన్, బెన్నిఖ్ అనువారు వేరొక మార్గమున అట్టిదానినే వెల్లడించిరి. రెండును ఒకటేయని తేలగా, 1968లో దానికి ‘ఇమ్యునోగ్లోబులిన్–ఇ’ అను పేరు స్థిరపడినది. క్లుప్తముగా ఐజి–ఇ అందురు.

ఇప్పుడు కథనంతటిని ఒకచోట చేర్చి చూతము. ధూళినల్లి మలపు గుళికలు గాలిలో లేచి మన శ్వాసనాళములలో పడును. ఎలర్జీ కలిగించు పదార్థమునకు ఈ గుళికలే ముఖ్యమైన ఆకరమని 1981లో టోవీ, చాప్‌మన్, ప్లాట్స్–మిల్స్ అనువారు చూపిరి. అందులోని ఒక ముఖ్య పదార్థము మాంసకృత్తులను కోయు ఎన్‌జైము. అది శ్వాసనాళపు లోపొరలో కణమునకు కణమునకు గల అతుకులను సడలించును. గాయపడిన పొర ప్రమాద సంకేతములు పంపును. కాపలా కణములు ఆ పదార్థమును పట్టుకొని టి–కణములకు చూపును. ఎలర్జీ స్వభావము గలవారిలో టి–కణములు, పరాన్నజీవులగు నులిపురుగులు శరీరములో చొచ్చినపుడు ఇచ్చునట్టి ఆజ్ఞనే ఇచ్చును. దానితో బి–కణములు ఐజి–ఇని తయారుచేయును. ఆ ప్రతిరక్షకములు మాస్టు కణముల మీద అంటుకొని కూర్చుండును. ఈ కణములకు 1878లో పాల్ ఎర్లిక్ పేరు పెట్టెను. ఇంతవరకు రోగికి బాధ తెలియదు. తుపాకిలో మందు కూరుటయే జరిగినది.

మరల ధూళి పీల్చినపుడు నల్లి పదార్థము రెండు ఐజి–ఇలను వంతెనవలె కలుపును. వెంటనే మాస్టు కణము పగిలినట్లుగా హిస్టమిన్ మొదలగు ద్రవ్యములను వెదజల్లును. నిమిషములలో శ్వాసనాళపు కండరములు బిగియును, పొర వాచును, జిగురు ఊరును. కొన్ని గంటలకు ఇయొసినోఫిల్ కణములు మూగి వాపును నిలుపును. పగలు పీల్చిన దానికి రాత్రి ఆయాసము వచ్చుటకు ఇదియు ఒక కారణము. పురుగులను తరిమికొట్టవలసిన సైన్యము, హానిలేని పొడిని చూచి తన కోటనే కూల్చుకొనుచున్నది.

ఉబ్బసములన్నియు నల్లి వలన కలుగవు. పుప్పొడి, బొద్దింక, పొగ, జలుబు మున్నగునవి కూడ కారణములే. మనస్సులోని కలత ఆయాసమును పెంచగలదు. కాని తల్లి ప్రేమ జబ్బును పుట్టించునను మాటకు ఆధారము నిలువలేదు. కారణము తెలిసిన పిమ్మట మందునకును మార్గమేర్పడినది. ఐజి–ఇని బంధించు ఔషధమొకటి 2003లో అమెరికాలో ఆమోదము పొందినది.

మన కోస్తా జిల్లాల ఉక్కయు తేమయు ధూళినల్లులకు అనుకూలమైనవే. పరుపులను, తలగడలను మండుటెండలో వేయు పాత అలవాటు వాటిని ఎండబెట్టి చంపును. కాని చచ్చిన నల్లుల పదార్థము పరుపులోనే మిగులును గనుక, దుప్పట్లను, గలీబులను వేడినీటిలో ఉతుకవలెను. పరుపును ఆరుబయట దులుపవలెను. ఆ పని రోగిచేత చేయింపరాదు. వీటిని నమ్మి, వైద్యుడిచ్చిన పీల్చు మందును మాత్రము మానరాదు.

తరగతిలో ఒక బిడ్డ ఆయాసపడినచో, అది నటనయనియు, ఇంటిలోని గారాబమనియు అనువారు నేటికిని కలరు. అట్టి మాట వినబడినపుడు ఈ కథను చెప్పుట ఉపాధ్యాయుల వంతు.