పుట్టిన నెల పువ్వు, పొగడదండ



కిందటి డిసెంబరులో, క్రిస్మస్ పనుల్లో ఉండగా, కువైట్‌లో పనిచేస్తున్న మన సంఘపు సోదరి ఒకరు ఫోన్ చేశారు. "అయ్యగారూ, అమ్మ పుట్టినరోజుకి పువ్వులు ఇప్పించాలనుంది. ఏ నెలలో పుట్టినవాళ్లకి ఏ పువ్వివ్వాలో ఫోన్లో చూశాను. అమ్మది జనవరి ఒకటి కదా, కార్నేషన్ అంట. అమలాపురంలో దొరుకుతాయా?" అని అడిగారు.

మాకు నవ్వొచ్చింది. ఆ తల్లి జనవరిలో పుట్టలేదు. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లకు ఆధార్ కార్డులో వేసిన తేదీ అది. ఆ లెక్కన మన సంఘంలో ముసలమ్మలందరికీ కార్నేషన్లే పంచాలి. నవ్వుకున్నా, ఆ పట్టిక ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనిపించి కొంత చదివాం.

జనవరికి కార్నేషన్, జూన్‌కు గులాబీ, ఆగస్టుకు గ్లాడియోలస్, అక్టోబరుకు మారిగోల్డ్, నవంబరుకు చామంతి. నెలల వరస ఇలా సాగుతుంది. ఒక పట్టికకూ ఇంకో పట్టికకూ పూర్తి పొంతన ఉండదు. పువ్వుకో అర్థం చెప్పే అలవాటు మాత్రం యూరప్‌లో పాతదే. టర్కీలో ఉన్న ఇంగ్లీషు దొరసాని మేరీ మాంటెగ్యు, అక్కడివాళ్లు పువ్వులతో, వస్తువులతో కబురు పంపుకుంటారని ఉత్తరాల్లో రాసింది. అవి 1763లో అచ్చయ్యాయి. 1819లో షార్లెట్ డి లాటూర్ అనే కలం పేరుతో పారిస్‌లో పువ్వుల భాష మీద ఒక పుస్తకం వచ్చింది. 1884లో లండన్‌లో కేట్ గ్రీనవే బొమ్మలతో అలాంటిదే మరొకటి వేసింది. నోటితో చెప్పలేని మాట పువ్వుతో చెప్పడం అప్పటి గొప్పింటివాళ్ల సరదా. తర్వాత పూల దుకాణాలు, గ్రీటింగ్ కార్డులు ఆ సరదాను ఊరూరికీ చేర్చాయి.

ఆ కార్నేషన్‌కే ఒక చర్చి కథ ఉంది. అమెరికాలో ఆన్నా జార్విస్ అనే ఆమె తల్లి 1905లో చనిపోయింది. 1908 మే 10న ఆన్నా, గ్రాఫ్టన్ ఊళ్లో తల్లి సేవ చేసిన మెథడిస్టు చర్చికి 500 తెల్ల కార్నేషన్లు పంపింది. ఏ పట్టికా చూసి కాదు, అవి వాళ్లమ్మకు ఇష్టమైన పువ్వులు గనుక. 1914లో అధ్యక్షుడు విల్సన్ మాతృదినాన్ని దేశమంతటికీ ప్రకటించాడు. అది వ్యాపారమైపోయి పూల ధరలు పెరిగాక, ఆ వ్యాపారం మీదే ఆన్నా బతికినంత కాలం పోరాడింది. అమ్మను తలచుకోవడానికి పెట్టిన పువ్వు అమ్మను మరిచి అమ్ముకునే సరుకైందని ఆమె బాధ.

మన పువ్వులూ మనవేనని గట్టిగా అనలేం. కడియపులంక మార్కెట్లో రాశులుగా పోసే బంతిపువ్వు మెక్సికో వైపు నుంచి వచ్చింది. పట్టికలో అక్టోబరుకు ఉన్న మారిగోల్డ్ మొదట యూరప్ మొక్క. రెండూ ఒకే పేరు పంచుకున్నాయి, అంతే. చామంతిది చైనా. దండల్లో కట్టే లిల్లీ అసలు లిల్లీయే కాదు, అదీ మెక్సికోదే. అయినా మన పెరటిలో పెరిగి మనవైపోయాయి. నెల పేరుతో పిలిచే పువ్వు మనకూ ఒకటుంది, డిసెంబరు పూలు. ఎవరు ఎప్పుడు పుట్టినా అవి చలికాలంలో పూస్తాయి.

మన పెద్దవాళ్లు పుట్టుకను నెలలతో గుర్తుపెట్టుకోలేదు, నీళ్లతో, గాలితో గుర్తుపెట్టుకున్నారు. 1953 వరద, 1986 వరద, 1996 నవంబరు తుఫాను. వాటికి ముందా, తర్వాతా, అదే లెక్క. ఆ తల్లి దగ్గరికి వెళ్లి అడిగితే, "పెద్ద వరదలో ఏటిగట్టు మీద పుట్టానని మా అమ్మ చెప్పేదండి" అంది. అంటే 1953 ఆగస్టు. పట్టిక ప్రకారం గ్లాడియోలస్. ఆ పువ్వు ఆమె జన్మలో చూడలేదు.

"అమ్మా, నీకే పువ్వంటే ఇష్టం?" అని అడిగాం.

"నాకెందుకు అయ్యగారూ పువ్వులు? ఆయన పోయి ముప్పై ఏళ్లయింది" అంది. కాసేపాగి, "చిన్నప్పుడు పొగడపూలు ఏరేవాళ్లం. కొబ్బరి ఈనెకు గుచ్చితే దండైపోయేది. ఎండినా వాసన పోదండి" అంది.

ఆ మాటకు మేము తల దించుకున్నాం. పూలు పెట్టుకోకూడదని నమ్మి మానినవారి సంగతి వేరు. ఈమె చేత మాన్పించింది నమ్మకం కాదు, భర్త మరణం. విధవరాండ్రను సన్మానించమని పౌలు తిమోతికి రాసిన మాట ఎన్నిసార్లు ప్రసంగించామో! భూస్థాపన రోజున విశ్వాసుల ఇళ్లలోనే ఆడవాళ్ల తలలోంచి పువ్వు తీసేస్తుంటే మాత్రం, ఆచారంలే అని ఊరుకున్నాం. పువ్వు పెళ్లితో వచ్చింది కాదు. ఆ పిల్ల ఈనె పట్టుకుని పొగడచెట్టు కింద కూర్చున్న నాటికి భర్త ఎవరో తెలియదు. పుట్టిన నెల పువ్వు అనే పరదేశపు సరదాలో మనం తీసుకోదగ్గ మంచి ఇదొక్కటే అనిపించింది. పువ్వు పుట్టినందుకు ఇస్తారు. పుట్టుకను ఏ చావూ రద్దు చేయదు.

కొండమీది ప్రసంగంలో ప్రభువు చూపించినవి, మన తెలుగు బైబిల్లో, అడవిపువ్వులు. ఎవరూ విత్తనివి, ఎవరూ కొననివి. సొలొమోను వైభవం కంటే ఆయన వాటినే మెచ్చుకున్నాడు.

మే నెలలో వీబీఎస్ పిల్లలకు ఈ సంగతి చెప్పాం. తెల్లవారుజామున పొగడచెట్టు కింద రాలిన పూలు ఏరి, ఈనెకు గుచ్చి, ఆదివారం ఆరాధనకు ముందు ఆమె చేతిలో పెట్టారు. ఆ రోజు ఎవరి పుట్టినరోజూ కాదు. కూతురు కువైట్ నుంచి వీడియోలో చూస్తోంది. ఆమె తలలో పెట్టుకోలేదు, మెడలో వేసుకోలేదు. ఆరాధన అయ్యేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెళ్లేటప్పుడు మా దగ్గరికొచ్చి, "ఇది ఇంటికి పట్టుకెళ్లొచ్చా అయ్యగారూ?" అని అడిగింది.

ఆ అనుమతి ఇవ్వడానికి మేమెవరం? ఆమె అలా అడిగేలా చేసింది మనమందరం.

ప్రియులారా, మీ ఇంట్లో పెద్దామె ఉంటే, పట్టిక చూడకముందు ఆమెనే అడగండి, ఏ పువ్వంటే ఇష్టమో. ఆ పువ్వే తెచ్చివ్వండి, ఆమె ఉండగానే. ప్రభువు మీ ఇళ్లను దీవించును గాక. ఆమేన్.